నల్ల ఎలుగు వేరు, నల్లమల ఎలుగు వేరు

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో సగం మంది హైదరాబాద్‌లో ఉంటారు, సగం మంది అమెరికాలో. అక్కడి జాగ్రత్తలు ఇక్కడికి, ఇక్కడి చిట్కాలు అక్కడికి రోజూ దిగుమతి అవుతుంటాయి. పోయిన వేసవిలో సియాటిల్‌లో ఉన్న మా బాబాయి కొడుకు అలాస్కాకి చేపల వేటకు బయల్దేరుతూ, తనతో వచ్చేవాళ్ల కోసం ఒక మాట పెట్టాడు: "నల్ల ఎలుగైతే తిరగబడు, గోధుమ రంగుదైతే బోర్లా పడుకో." ఇంగ్లిష్‌లో అది ప్రాసతో ఉంటుంది, ఒక్కసారి వింటే మర్చిపోరు. రెండు రోజుల్లో ఆ మెసేజ్ చేతులు మారి, ఆ వారమే మన్ననూరు దగ్గర ట్రెక్‌కి వెళ్లబోతున్న మా మేనల్లుడికి చేరింది. వాడు ఫోన్ చేశాడు.

"మామయ్యా, మన నల్లమల ఎలుగు నల్లగానే ఉంటుంది కదా. అంటే తిరగబడాలన్నమాట?"

"కాదురా బాబూ" అన్నాను. ఎందుకు కాదో చెప్పడానికి అరగంట పట్టింది.

చిక్కంతా ఒకే మాటలో ఉంది. ప్రపంచంలో ఎలుగుల జాతులు ఎనిమిది. మన దేశంలోనే నాలుగున్నాయి. హిమాలయాల్లో నల్లవి, గోధుమవి, ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో చిన్న సూర్య ఎలుగు, మన దగ్గరున్న నాలుగోది. తెలంగాణ పల్లెల్లో దాన్ని గుడ్డెలుగు అంటారు. మనం చూసేది ఆ ఒక్కదాన్నే కాబట్టి మన భాషకి 'ఎలుగుబంటి' అనే ఒక్క మాట సరిపోయింది. తీరా అమెరికా సలహాని తెలుగులోకి తెచ్చుకున్నప్పుడు జంతువు మారిపోయింది, మాట మాత్రం మారలేదు.

అసలు రంగును నమ్ముకోవడం అమెరికాలోనే ప్రమాదం. అక్కడ 'నల్ల ఎలుగు' అనేది జాతి పేరే గానీ రంగు కాదు. ఆ జాతిలో దాల్చినచెక్క రంగువి ఉన్నాయి, లేత గోధుమవి కూడా ఉన్నాయి. గోధుమ ఎలుగుల్లో దాదాపు నల్లగా కనిపించేవీ ఉన్నాయి. గ్రిజ్లీ అంటే ఈ గోధుమ జాతిదే. అందుకే తెలిసినవాళ్లు రంగు చూడరు, భుజాల మీద చూస్తారు. గ్రిజ్లీకి మన ఒంగోలు గిత్త మూపురాన్ని గుర్తుచేసే కండ ఒకటి భుజాల మధ్య ఉబ్బెత్తుగా ఉంటుంది, ముందుకాళ్ల గోళ్లు పొడవు. నల్ల ఎలుగుకి ఆ మూపురం ఉండదు. వెన్ను మధ్యలోనో వెనకభాగంలోనో ఎత్తుగా కనిపిస్తుంది.

మన గుడ్డెలుగు సంగతి పూర్తిగా వేరు. దాని మొహం దగ్గరగా చూడాలంటే నెహ్రూ జూలాజికల్ పార్కుకి వెళ్లండి. బొచ్చు చింపిరిగా వేలాడుతుంటుంది, ఛాతీ మీద తెల్లటి గుర్తు, బయటికి సాగే పెదవి, పలుగుల్లాంటి గోళ్లు. పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి చెదపురుగుల్ని జుర్రుకుంటుంది. చెదల పుట్టను గోళ్లతో తవ్వి, మూతి లోపల పెట్టి, ముందు మట్టి ఊదేసి, తర్వాత వాక్యూమ్ క్లీనర్‌లా పీలుస్తుంది. ఆ చప్పుడు వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది. పొడవాటి గోళ్లు చూసి 1791లో జార్జ్ షా అనే ఇంగ్లండ్ శాస్త్రజ్ఞుడు దీన్ని దక్షిణ అమెరికాలో చెట్లకు వేలాడే స్లాత్‌ల కుటుంబంలో వేసేశాడు. పొరపాటు తర్వాత దిద్దుకున్నారు గానీ, 'స్లాత్ బేర్' అనే పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. పేరు విని ఇదేదో బద్ధకపు జంతువు అనుకుంటే మాత్రం అంతే సంగతులు.

ఈ తిండి అలవాటే మనిషికి ప్రమాదమయ్యింది. పుట్టలో తలపెట్టి అంత చప్పుడు చేస్తున్న జంతువుకి మీ అడుగుల చప్పుడు వినిపించదు. దాని చూపు అంతంతమాత్రం. వాసన బాగా పసిగడుతుంది గానీ, గాలి మీ వైపు వీస్తుంటే మీ వాసన దానికి చేరదు. ఫలితంగా మీరు పది అడుగుల దూరానికి వచ్చేదాకా ఇద్దరికీ తెలియదు. తెలిసిన క్షణంలో అది ఆలోచించదు. రామాయణంలో జాంబవంతుడు నలుగురికీ సలహా చెప్పే పెద్దమనిషి. అడవిలో ఉన్న ఆయన వంశంవాళ్లు మాత్రం ముందు కొట్టి తర్వాత ఆలోచించే రకం.

ఎందుకలా? అమెరికా నల్ల ఎలుగు ఎప్పుడూ దట్టమైన చెట్ల మధ్యే బతికింది. భయమేస్తే చెట్టెక్కుతుంది, పిల్లల్ని ముందు చెట్టెక్కిస్తుంది. పారిపోవడం దాని మొదటి ఆలోచన. గ్రిజ్లీ చెట్లు తక్కువున్న బయలు నేలలకు అలవాటుపడ్డ జంతువు, అక్కడ దాక్కునే చోటు ఉండదు, ఎదురు తిరగడమే రక్షణ. మన గుడ్డెలుగు పులితో కలిసి ఒకే అడవిలో పెరిగింది. పులి నుంచి తప్పించుకుందామని చెట్టెక్కితే చిరుత కూడా ఎక్కగలదు. కాబట్టి తేనె కోసం చెట్లెక్కుతుందే తప్ప ప్రాణం కోసం ఎక్కదు. దగ్గరికొచ్చింది ఏదైనా సరే లేచి మొహం మీద దాడిచేసి, అది తేరుకునేలోపు వెళ్లిపోవడమే దీనికి అబ్బిన విద్య అని జీవశాస్త్రజ్ఞుల అంచనా. తల్లయితే పిల్లల్ని వీపు మీద మోస్తూ తిరుగుతుంది, ఇలా నెలల తరబడి మోసే ఎలుగు ఇదొక్కటే. వీపు మీద పిల్లలున్న తల్లికి వెనకడుగు వేసే ఓపిక ఇంకా తక్కువ.

అందుకే నేను మా మేనల్లుడికి రంగు మర్చిపొమ్మన్నాను. గుర్తుపెట్టుకోవాల్సిన ప్రశ్న ఒకటే: అది భయంతో వచ్చిందా, ఆకలితో వచ్చిందా?

భయంతో వచ్చిన ఎలుగుకి కావాల్సింది ముప్పు తొలగిపోవడం. మీరు ముప్పు కాదని దానికి అర్థమైతే వదిలేస్తుంది. కాబట్టి పడుకోవడం పనిచేస్తుంది. ఆకలితో వచ్చినదానికి మీరు పడుకుంటే వడ్డించినట్టే, అప్పుడు కొట్టాలి. గ్రిజ్లీ దాడుల్లో ఎక్కువ మొదటి రకం. అమెరికా నల్ల ఎలుగు మామూలుగా పిరికిది, పారిపోతుంది. ఆ పిరికిదే వెంటపడి మరీ మీద పడిందంటే ఆకలితో కావచ్చు, అందుకే దానితో పోరాడమంటారు, మూతి మీద, కళ్ల మీద కొట్టమంటారు. మన గుడ్డెలుగు మనిషిని తినడానికి వచ్చేది కాదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, ఇప్పపువ్వు, రేగు, నేరేడు, తునికి, రేల కాయలు. దాని దాడి దాదాపు ఎప్పుడూ భయంతోనే. అంటే ఒంటి రంగు నల్లదైనా, ఆ ప్రాసలో మాత్రం ఇది 'పడుకో' వైపు పడుతుంది. మెసేజ్ చదివి మా వాడు సరిగ్గా తలకిందులుగా చేయబోయాడు.

బళ్లో చెప్పిన ఇద్దరు స్నేహితుల కథ మీకు గుర్తుండే ఉంటుంది. ఒకడు చెట్టెక్కుతాడు, రెండోవాడు ఊపిరి బిగబట్టి చచ్చినట్టు పడుకుంటాడు, ఎలుగు వచ్చి వాసన చూసి పోతుంది. అందులో చెట్టెక్కినవాణ్ని ద్రోహి అంటారు గానీ, నా దృష్టిలో వాడు తెలివితక్కువవాడు కూడా. ఎలుగు అతనికంటే వేగంగా చెట్టెక్కగలదు. పరుగు మీద ఆశ కూడా వద్దు, గ్రిజ్లీ గంటకు 50 కిలోమీటర్లు దాటి పరిగెత్తుతుంది, మనదీ మనిషికి అందేది కాదు. రెండోవాడు అదృష్టవంతుడు, అతనికి ఎదురైంది భయపడ్డ ఎలుగు. పడుకునే తీరులో మాత్రం కథ తప్పు. వెల్లకిలా కాదు, బోర్లా పడుకోవాలి.

మన్ననూరు హైదరాబాద్ నుంచి 140 కిలోమీటర్ల దూరం. అమ్రాబాద్ టైగర్ రిజర్వుకి అదే గుమ్మం. కొన్నేళ్ల కిందట అటవీశాఖ ఇచ్చిన గైడ్‌తో అక్కడ నడిచాను, చెంచు మనిషి, నా వయసే ఉంటుంది. చేతిలో కర్ర, దాన్ని దారిలో ప్రతి బండకీ తగిలిస్తూ నడిచేవాడు. టక్, టక్. మొదట నాకు చిరాకేసింది, ఇంత చప్పుడు చేస్తే జంతువులేం కనిపిస్తాయి అని. ఒక చోట దారి పక్కన చెదల పుట్ట అడుగున ఫుట్‌బాల్ పట్టేంత గుంత. ఆయన వంగి, బయటపడ్డ మట్టిని రెండు వేళ్లతో నలిపి నా అరచేతిలో పెట్టాడు. తడిగా, చల్లగా ఉంది. ఎండ అప్పటికే మాడుస్తోంది. "ఎండలేదు సార్. ఇందాకనే తిన్నది" అన్నాడు. పక్కనే మనిషి వట్టి పాదంలాంటి అడుగు, ముందు భాగంలో గోళ్ల గీతలు. మేం అక్కడి నుంచి వచ్చిన దారినే మళ్లాం. ఆయన కర్ర చప్పుడు ఇంకాస్త పెంచాడు, నాకు ఈసారి చిరాకేయలేదు.

2023లో తిరుమల నడకదారిలో చిరుత ఒక చిన్నారిని చంపేశాక భక్తుల చేతికి కర్రలిచ్చారు, గుంపులుగా పంపారు. కర్రతో చిరుతని కొడతారా అని సోషల్ మీడియాలో చాలా వెటకారాలు నడిచాయి. నేనూ నవ్వాను, ఒప్పుకుంటాను. కానీ ఎలుగులు తిరిగే దారిలో గుంపు, చప్పుడు అన్నవి రెండూ నిజంగా పనికొచ్చేవి. కర్ర కొట్టడానికి కాదు, తట్టడానికి. నలుగురు మాట్లాడుకుంటూ నడిస్తే ఎలుగు ముందే విని తప్పుకుంటుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా నడిచేవాడికి ఆ అవకాశం లేదు. ఫోన్లో పాటలు పెద్దగా పెట్టినా మంచిది కాదు, మీ చప్పుడు దానికి వినిపిస్తుంది గానీ దాని చప్పుడు మీకు వినిపించదు.

వేళ కూడా ముఖ్యం. గుడ్డెలుగు పగలు ఎక్కువగా బండల సందుల్లో, పొదల్లో పడుకుంటుంది. సాయంత్రం నుంచి తెల్లవారేదాకా దాని పని వేళలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలిన ఇప్పపువ్వు కోసం చీకటితోనే అడవికి వెళ్లేవాళ్లకీ, అదే పువ్వు కోసం వచ్చిన ఎలుగుకీ ఒకే చెట్టు కింద ముఖాముఖి అవుతుంది. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల దగ్గర జరిగేదీ ఇలాంటిదే. ఎండాకాలం సాయంత్రం నీటిమడుగుల దగ్గర కూర్చోవద్దు, ఆ వేళకి ఆ చోటు జంతువులది.

దూరంగా కనిపిస్తే ఫోటో ఆలోచన మానేసి, దాని మీద చూపు ఉంచి, మామూలు గొంతుతో మాట్లాడుతూ వెనక్కి నడవండి. వీపు తిప్పి పరిగెత్తొద్దు. పిల్లల్ని మధ్యలో పెట్టుకుని అందరూ ఒక్కచోట నిలబడండి. మీద పడిందా, బోర్లా పడుకుని, మొహం నేలకి ఆనించి, రెండు చేతుల వేళ్లు మెడ వెనక పెనవేసుకోండి. 'భల్లూకపు పట్టు' అని మనం మాటవరసకి అంటాం గానీ, గుడ్డెలుగు పట్టుకుని నలిపేయదు. లేచి నిలబడి గోళ్లతో, పళ్లతో మొహాన్నీ తలనీ చీలుస్తుంది. బతికి బయటపడ్డవాళ్లలో చాలామంది కన్నో, ముక్కో, దవడో పోగొట్టుకున్నవాళ్లే. అందుకే మొహం దాచుకోవడం అన్నిటికంటే ముందు. పక్కనున్నవాళ్లు మాత్రం పారిపోకుండా అందరూ కలిసి కేకలు వేయాలి. అది వెళ్లిన వెంటనే లేవకండి, ఇంకా దగ్గర్లోనే ఉండొచ్చు.

గాయాన్ని చూసి మొహానికి కుట్లు వేయించుకోవడం మీదే ధ్యాస పెడతారు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి రక్తం ఆపి, 108కి ఫోన్ చేయండి. నల్లమలలో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, కాబట్టి ఎక్కడిదాకా సిగ్నల్ ఉందో వెళ్లేటప్పుడే చూసుకోవాలి. రక్తం అదుపులోకి వచ్చాక గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగాలి. ఎలుగు కరిస్తే కుక్క కరిచినట్టే లెక్క, రేబిస్ టీకాలు పడాలి. గాయం లోపల, చుట్టూ ఇచ్చే రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణనిచ్చే ఇంజెక్షన్), టెటనస్ ఇంజెక్షన్ కూడా. డాక్టర్ మర్చిపోతే మీరే అడగండి.

ఇక చేపల సంగతి. నాకు గాలం పిచ్చి ఉంది, డిండి వైపు వెళ్లినప్పుడు కారు డిక్కీలో గాలాలుంటాయి. "చేపల వాసనకి ఎలుగు వస్తుందా" అని చాలామంది అడుగుతారు. మన గుడ్డెలుగు చేపలు పట్టుకునే రకం కాదు. ఇక్కడ ప్రమాదం వాసన కాదు, నీళ్ల హోరు. పారే వాగు పక్కన మీ మాట దానికి వినపడదు, దాని అలికిడి మీకు వినపడదు. కళ్లు గాలం బెండు మీదే ఉంటాయి. ప్రతి పది నిమిషాలకీ తలెత్తి వెనక్కి చూడడం, వాగు మలుపుల దగ్గర గట్టిగా కేకేయడం అలవాటు చేసుకోవాలి. రిజర్వు లోపల మీ సొంతంగా టెంట్ వేయడం, గాలం వేయడం ఎలాగూ చట్టవిరుద్ధం. అటవీశాఖ చూపించిన చోటే ఉండాలి. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేసేది కూడా ఊరికే కాదు.

అలాస్కాలో లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ ఎలుగూ మీరూ ఒకే చేప కోసం వచ్చారు. జూలైలో సాల్మన్ చేపలు ఎదురీదే వేళ కాట్మై నేషనల్ పార్కులోని బ్రూక్స్ నదిలో గోధుమ ఎలుగులు వరసగా నిలబడి ఉంటాయి. గాలానికి పడ్డ చేప నీళ్లలో కొట్టుకునే చప్పుడు వాటికి భోజనం గంట. అందుకని అక్కడ ఎలుగు 50 గజాల లోపుకి వస్తే గాలం తీసేయాలి. అప్పటికే చేప పడి కొట్టుకుంటుంటే దారం తెంపేయాలి. గజమంటే మూడడుగులు. మా తమ్ముడికి ఈ రూల్ మింగుడుపడలేదు. "వేలు పోసి వెళ్లి, పడ్డ చేపని వదిలేయాలా అన్నయ్యా?" అన్నాడు. వదిలేయాలి. గాలం పట్టుకున్న మనిషి దగ్గరికెళ్తే చేప దొరుకుతుందని ఒక ఎలుగు ఒకసారి నేర్చుకుంటే, తర్వాత వచ్చే ప్రతివాడి దగ్గరికీ అది వస్తుంది. చివరికి పార్కువాళ్లు దాన్ని చంపాల్సి వస్తుంది.

తిండి దాచడం దగ్గర మనవాళ్లు అమెరికాలో బాగా దెబ్బతింటారు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో క్యాంపింగ్‌కి వెళ్లిన తెలుగు కుటుంబం సామాను చూడండి. ఆవకాయ, పులిహోర, కారప్పూస, నెయ్యి, కొబ్బరినూనె సీసా, అగరుబత్తి. ఎలుగు ముక్కుకి ఇవన్నీ ఒకటే, వాసన వచ్చేదంతా తిండే. టూత్‌పేస్ట్, లిప్ బామ్, పిల్లల బేబీ లోషన్ కూడా. యోసెమిటీలో చీకటిపడ్డాక కారులో తిండి ఉంచకూడదు, అక్కడి నల్ల ఎలుగులు కారు తలుపుని ఒంచి మరీ తీస్తాయి. క్యాంప్ సైట్లలో ఇనుప లాకర్లుంటాయి, కొండల్లో నడిచి వెళ్లేవాళ్లు గట్టి ప్లాస్టిక్ డబ్బా మోసుకెళ్లాలి. దాని మూత ఎలుగుకి రాదు. మా పిన్నికి కూడా రాలేదు. మొదటి రోజు రాత్రి అరగంట తంటాలు పడి, చివరికి సియాటిల్ తమ్ముడు నాణెంతో తిప్పి తీసేదాకా ఆవిడ పెరుగన్నం తినలేకపోయింది. ఆ డబ్బాని టెంటుకి కనీసం 30 మీటర్ల దూరంలో, నీళ్లలోకి దొర్లిపోని చోట నేల మీదే పెట్టాలి. వంట చేసిన బట్టలు, చేపలు శుభ్రం చేసిన బట్టలు వేసుకుని పడుకోకూడదు.

మన దగ్గర ఇంత తతంగం లేదు గానీ, ఆ పాఠం పూర్తిగా పనికిరానిదేం కాదు. గుట్టల మీది గుళ్లలో కొబ్బరి చిప్పలు, బెల్లం, దీపాల నూనె కోసం రాత్రిపూట గుడ్డెలుగులు రావడం వార్తల్లో చూస్తూనే ఉంటాం. పిక్నిక్‌కి వెళ్లి మిగిలిన స్వీట్లు పొదల్లో పడేసేవాళ్లు, వెనకొచ్చేవాడి దారిలోకి దాన్ని పిలుస్తున్నట్టే.

స్ప్రే గురించి అడగనివాళ్లు లేరు. ఎలుగు స్ప్రే అంటే మిరపకాయల్లోని మంట పదార్థాన్ని ఒత్తిడితో మేఘంలా చిమ్మే డబ్బా. ఏడెనిమిది మీటర్లు వెళ్తుంది, కొన్ని క్షణాల్లో అయిపోతుంది. 1985 నుంచి 2006 దాకా అలాస్కాలో జరిగిన ఘటనలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, గోధుమ ఎలుగులు 92 శాతం సందర్భాల్లో, నల్లవి 90 శాతం సందర్భాల్లో స్ప్రేతో ఆగిపోయాయి. దగ్గర పెట్టుకున్నవాళ్లలో 98 శాతం మందికి గాయమే కాలేదు. బ్యాగు అడుగున పెట్టుకుంటే మాత్రం లేనట్టే, నడుముకి వేలాడాలి. దోమల మందులా టెంట్ మీద కొట్టకూడదు, ఆరిపోయిన మిరప వాసన ఎలుగుల్ని పిలుస్తుంది. విమానంలో చేతి సంచిలోనూ లగేజీలోనూ అనుమతించరు, అక్కడ దిగాకే కొనుక్కోవాలి. "దానికేముంది, గుంటూరు కారం పొట్లం జేబులో పెట్టుకుంటా" అన్నాడు మా మేనల్లుడు. ఒత్తిడి లేకుండా విసిరిన కారం గాలికి తిరిగొచ్చి ఎవరి కళ్లల్లో పడుతుందో వాడు ఊహించుకోలేదు.

మిగిలింది రాత్రి సంగతి, పైన చెప్పినదంతా తిరగబడేది ఒక్క ఇక్కడే. అమెరికాలో టెంట్ చీల్చుకుని లోపలికొచ్చిన ఎలుగు ఏ జాతిదైనా సరే, పడుకోకూడదు. దాని దారికి అడ్డం వచ్చింది మీరు కాదు, మీ దగ్గరికే వెతుక్కుంటూ వచ్చింది అది. ఆకలితో వచ్చిందని లెక్క. అరవాలి, స్ప్రే కొట్టాలి, చేతికి దొరికినదానితో మూతి మీద మొత్తాలి.

ఇదంతా విని మా వాడు "సరే మామయ్యా, రాసుకున్నా" అన్నాడు. రాసుకున్నాడో లేదో నాకు నమ్మకం లేదు. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి గ్రూపులో ఒక ఫోటో పెట్టాడు. చెదల పుట్ట, అడుగున గుంత, పక్కన స్కేలు లెక్కన వాడి బూటు. కింద ఒక్క లైను: "మట్టి తడిగా ఉంది. వెనక్కి వచ్చేస్తున్నాం." సియాటిల్ తమ్ముడు దానికి చప్పట్ల బొమ్మ పెట్టాడు. మా అక్క మాత్రం కింద "ముందు టిఫిన్ తిన్నావా?" అని అడిగింది.